ఖాళీ ఉయ్యాల చప్పుడు

పోయిన వారం శర్షెన్‌ని బంగాళాదుంపల గదిలో, గుమ్మంలో నిలబడ్డ అత్తగారి ముందు, నోట మాట రాని స్థితిలో వదిలేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉన్నాడు. అతను ఆ గదిలోకి ఎలా వచ్చి పడ్డాడో మరిచిపోయినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

కొచ్కోర్ అనే కొండ ఊళ్ళో పాతికేళ్ళపాటు పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించిన మనిషి శర్షెన్. ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. పెన్‌డ్రైవులో రెండువేల పాటలు దొరికే రోజులొచ్చాక పెళ్ళివాళ్ళు అతన్ని పిలవడం మానేశారు. నలభై ఏడేళ్ళ వయసులో, వీడియో ఆటలకి సంగీతం కడతానని బయల్దేరాడు. సరంజామా అంతా కలిపితే ఒక సంచిలో పడుతుంది. ఇంటర్నెట్ సెంటర్ ఎత్తేస్తుంటే కొన్న పాత లాప్‌టాప్. ఊరికే దొరికే సంగీతం ప్రోగ్రాము. ఒక చెవి మాత్రమే పలికే హెడ్‌ఫోను. రెండు మెట్లు చచ్చిపోయిన కీబోర్డు. ఆ రెండు స్వరాలు లేకుండానే అతను బాణీలు కడతాడు, విన్నవాళ్ళు అదేదో అతని పద్ధతి అనుకుంటారు. మైకు ఏదంటే ఉన్నిమేజోడులో దూర్చిన ఫోను. స్టూడియో ఏదంటే గోడలకి పరుపులు వేలాడదీసిన బంగాళాదుంపల గది. ఖర్చేమీ అక్కర్లేదు, మనసుంటే చాలునని ఇంటర్నెట్‌లో పాఠాలు చెప్పే కుర్రవాళ్ళు అంటూంటారు. అలా అంటున్నప్పుడు వాళ్ళ వెనక గోడకి ఎనిమిది గిటార్లు వేలాడుతుంటాయి.

రాజధాని బిష్కెక్‌లో బెగాయిమ్ అనే అమ్మాయి, ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక ఆట తయారుచేస్తోంది. ఒక పిల్ల కుంటిగుర్రాన్ని నడిపించుకుంటూ మంచుకనుమ దాటే ఆట. దారిలో ఆ పిల్ల తలదాచుకునే ఇంటికి సంగీతం కావాలి. శర్షెన్ ఐదు ముక్కలు పంపితే నాలుగు పక్కన పెట్టి ఐదోదాని దగ్గర ఆగిపోయింది. "బైకె, అన్నా, ఇదే! అడుగున టక్కు, గిర్రు అని ఏదో ఊగుతోంది చూడండి, అది వినగానే మా అమ్మమ్మ ఇంట్లో పొయ్యి పక్కన కూర్చున్నట్టుంది. అప్పుడే ఆటలో పెట్టేశాను, పొద్దుటినుంచీ మా గదిలో అదే మోగుతోంది. రేపు మధ్యాహ్నంలోగా పూర్తిగా చేసి పంపండి బైకె. లేకపోతే మావాళ్ళు కొన్న సంగీతమేదో పెట్టేస్తామంటున్నారు" అని ఫోనులో మాట పంపింది.

ఆ సంతోషం పట్టలేక శర్షెన్ పెళ్ళిళ్ళ స్పీకరు బయటికి తీసి ఇల్లంతా మోగించాడు. మధ్యాహ్నం కునుకు తీస్తున్న అత్తగారు జూరకన్ లేచి వచ్చింది. గుమ్మం పట్టుకుని, "ఆ చప్పుడు నాకు తెలుసు" అంది.

అదీ సంగతి.

జూరకన్ మనిషి పిడికెడంత ఉంటుంది. తెల్ల తలగుడ్డ, మోకాళ్ళదాకా మగవాళ్ళ ఉన్నికోటు. దుంపల బస్తా మీద చెయ్యి ఆన్చి ఒక్కో అడుగూ వేసి లోపలికి వచ్చింది. స్పీకరు వైపు చూడలేదు. తిన్నగా గది మూలకి చూసింది. అక్కడ నమదా, అదే దళసరి ఉన్నిబట్ట, కప్పిన ఒక వస్తువు ఉంది.

"ఆపు" అంది.

శర్షెన్ ఆపాడు.

"మళ్ళీ పెట్టు."

పెట్టాడు. టక్కు, గిర్రు. టక్కు, గిర్రు. దాని మీద కీబోర్డు బాణీ మెల్లగా, మంచు పడ్డట్టు పడుతోంది. ముసలావిడ బాణీని వినడంలేదు. తల ఒక పక్కకి వంచి, అడుగున ఉన్నదాన్ని వింటోంది.

"కుడికాలు" అంది. "కుడికాలి దగ్గర టక్కుమంటుంది చూడు. మా మామగారు చెక్కేటప్పుడు అక్కడికి కొయ్య చాల్లేదు. వేరే చెట్టు ముక్క అతికాడు. యాభై రెండేళ్ళబట్టీ అది టక్కుమంటూనే ఉంది. నా పిల్లలందరూ ఆ టక్కు వింటూ నిద్రపోయినవాళ్ళే."

శర్షెన్ ఆ మూలకి అడ్డంగా జరిగాడు.

"ఎవరి బిడ్డని పడుకోబెట్టారు అందులో?"

"ఎవరినీ లేదపా" అన్నాడు. అత్తగారిని అతను అమ్మా అన్నట్టు అపా అంటాడు.

"ఎవర్నీ పడుకోబెట్టకపోతే ఊగడమెందుకు ఊగింది?"

"నేనే... ఊరికే... ఖాళీదాన్నే ఊపాను."

ఆ ఇంట్లో ఖాళీ ఉయ్యాల ఊపినవాడు లేడు. ఏ ఇంట్లోనూ లేడు. ఖాళీగా ఊగిన బెషిక్‌లోకి, అదే నేల మీద కాళ్ళతో ఒరుగుతూ ఊగే ఆ కొయ్య ఉయ్యాల్లోకి, బిడ్డ రానంటుందనో, వచ్చినా నిలవదనో, మాటలు రాని పసివాడు దాని మీద చెయ్యి వేసినా ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి పట్టి ఆపుతారు. శర్షెన్‌కి తెలియక కాదు. కానీ ఆ రోజు అతను ఉయ్యాలని ఉయ్యాలగా చూడలేదు. వాయిద్యంగా చూశాడు. డబ్బులేనివాడికి ఇంట్లో ప్రతి వస్తువూ వాయిద్యమే. అంతకు ముందు మజ్జిగ చిలికే కవ్వం, నమదా కొట్టే కర్ర, ఆవుపాలు బకెట్‌లో పడే చప్పుడు, అన్నీ అయ్యాయి. తరవాత కన్ను మూలకి పోయింది.

ఆ ఉయ్యాల అక్కడికి రావడం కూడా ఒక పెద్ద సంగతే. శర్షెన్ ఒక్కగానొక్క కూతురు ఉల్జాన్‌కి ఏడో నెల. బిష్కెక్‌లో మొగుడి దగ్గర ఉంది. మొదటి కాన్పుకి ఉయ్యాల పుట్టింటివాళ్ళే ఇవ్వాలి. మంచు పడి దోలోన్ కనుమ దారి మూతపడితే మళ్ళీ వసంతం దాకా అత్తగారి ఊరు అట్‌బాషీ నుంచి ఏదీ కదలదు. అందుకని జూరకన్ టాక్సీ కప్పు మీద దాన్ని కట్టించుకుని, తాను లోపల కూర్చుని, దారిపొడుగునా కిటికీలోంచి చెయ్యి పెట్టి తాడు తడుముకుంటూ తెచ్చింది. బిడ్డ పుట్టేదాకా దాని మీద కప్పు తియ్యొద్దని ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు సరిగ్గా ఆరు రోజులు నిలబడింది.

శర్షెన్ పెళ్ళాం బురుల్ టీ పళ్ళెంతో వచ్చింది. తల్లి ముఖమూ మొగుడి ముఖమూ చూసి, పళ్ళెం బస్తా మీద పెట్టింది.

"బురుల్‌కి ఏమీ తెలీదపా" అన్నాడు శర్షెన్ గబగబా. "అది పొలంలో ఉంది. ఒక్కణ్ణే చేశాను."

"తెలీకేం? ఫోను పట్టుకుంది నేనేగా" అంది బురుల్. "చెయ్యి నొప్పెట్టి మూడుసార్లు చేతులు మార్చాను."

"నిన్ను తప్పించుదామనుకుంటే నువ్వే వచ్చి..."

"మీరు నన్ను తప్పించే ముచ్చట ఇంకోసారి చూద్దాంలెండి. ఎప్పుడు అబద్ధమాడినా మీ చెవులు ఎర్రబడతాయి. అమ్మకి కళ్ళు బాగానే కనిపిస్తాయి."

జూరకన్ కూతురి వైపు చూసింది. "నువ్వు కూడానా? ఆ ఉయ్యాల్లో నువ్వు ఉచ్చ పోసిన మరక ఇంకా ఉందే. కడుపుతో ఉన్నది నీ కూతురు కాదూ?"

బురుల్ తల వంచుకుంది. మొగుడిని ఎదిరించేటప్పుడున్న నోరు తల్లి ముందు లేదు.

"ఎంతసేపు ఊపారు?"

"ఓ గంట" అన్నాడు శర్షెన్.

"గంటన్నర" అంది బురుల్.

ముసలావిడ బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. టీ గిన్నె అందుకుని, రెండు చేతులమధ్యా పట్టుకుని, తాగకుండా ఉంది. "సరే. అయిందేదో అయింది. ఊపారు, ఆపారు. ఇప్పుడు అది ఆగిపోయిందిగా?"

ఔనంటే సరిపోయేది. చదువుకున్నవాడైతే అనేవాడు. కానీ శర్షెన్‌కి తన కొత్తవిద్య మీద పిచ్చిప్రేమ. దాన్ని గురించి అడిగేవాళ్ళు లేక నాలుక దురద పెడుతోంది. అడిగిందే చాలని చెప్పేశాడు.

"ఇది ఆగేది కాదపా. అదే ఇందులో పనితనం. ఆట ఆడేవాడు ఆ ఇంట్లో రెండు నిమిషాలు ఉండొచ్చు, రెండు గంటలు ఉండొచ్చు. ఎప్పుడు లేచిపోతాడో మనకి తెలీదు. అందుకని పాటకి చివర ఉండకూడదు. తోకని తీసుకొచ్చి తలకి కలపాలి, అతుకు తెలీకుండా. అదో పెద్ద విద్యంటారు. పెళ్ళిళ్ళలో నేను చేసిందేంటి మరి? పెళ్ళికొడుకు మేనమామ తాగి గంటసేపు ఆడుతుంటే, ఆయన కూలబడేదాకా పాటని తిప్పుతూ ఉండడమేగా! పాతికేళ్ళు ఆ పనే చేశాను. నాకది విద్యని తెలీదు."

"అంటే ఇది ఊగుతూనే ఉంటుంది."

"ఊగుతూనే ఉంటుంది."

"ఎంతమంది ఆడతారు దాన్ని?"

"దేవుడు చల్లగా చూస్తే... లక్షమంది ఆడొచ్చు" అన్నాడు. ఆ అంకె నోటితో అనడమే అతనికి పండగలా ఉంది.

జూరకన్ టీ గిన్నె కింద పెట్టింది. "లక్ష ఇళ్ళల్లో" అంది నెమ్మదిగా, "నా ఉయ్యాల ఖాళీగా ఊగుతుంది. ఆపేవాళ్ళు లేకుండా."

గదిలో ముగ్గురికీ వేడి టీ చల్లారిపోయింది.

"చెరిపెయ్యి" అంది.

"అపా..."

"చెరిపెయ్యి నాయనా."

ఇన్నేళ్ళలో శర్షెన్ అత్తగారికి ఎదురు మాట్లాడింది లేదు. ఆ రోజు మాట్లాడాడు. ముందు మెల్లగానే మొదలెట్టాడు. "అపా, ఇది ఉత్త చప్పుడు. కొయ్య మీద కొయ్య. మీరు దాన్ని..." అని ఆగి, లేచి నిలబడ్డాడు. నిలబడితే తల పరుపులకి తగిలింది. "పాతికేళ్ళు అందరి పెళ్ళిళ్ళలో వాయించాను. మనిషి మర్యాదని బట్టి మాంసం పంచేటప్పుడు నా వంతుకి ఏ ఎముక వస్తుందో ఊరందరికీ తెలుసు, దాని మీద కుక్క కూడా ఆశపెట్టుకోదు. 'ఇంకొంచెం గట్టిగా వాయించు' అన్నవాళ్ళున్నారు. 'ఇంక ఆపు' అన్నవాళ్ళున్నారు. 'ఈ పాట నీదా' అని ఒక్కడు అడిగాడా? ఒక్కడంటే ఒక్కడు? ఆ పిల్ల అడిగింది. ముఖం కూడా చూడని పిల్ల. ఇది ఎవరిది బైకె అని అడిగింది. నాది అని చెప్పాను. నా జన్మలో మొదటిసారి. రేపు మధ్యాహ్నానికి ఇవ్వకపోతే ఆ మాట వెనక్కి తీసుకోవాలి."

బురుల్ ముఖం తిప్పేసుకుంది. మొగుడు ఇంత పొడుగు మాట మాట్లాడి చాలా ఏళ్ళయింది.

జూరకన్ అంతా విన్నది. కోపం తెచ్చుకోలేదు.

"నేను అడిగాను" అంది.

"ఏంటి?"

"నీ పెళ్ళిలో. నీ పెళ్ళికి నువ్వే వాయించుకున్నావు, వేరేవాణ్ణి పెట్టే స్తోమతు లేక. మేము బురుల్‌ని మీ ఇంట వదిలి బయల్దేరుతుంటే ఒక పాట వాయించావు. ఇది ఎక్కడా విన్నది కాదే అనుకుని, ఎవరిదని నేను అడిగాను. నువ్వేమన్నావు?"

శర్షెన్ చెవులు ఎర్రబడ్డాయి.

"రేడియోలో విన్నానన్నావు. సిగ్గుపడి అబద్ధమాడావు. ఇరవై ఐదేళ్ళు ఆగాను, రేడియోలో ఎప్పుడైనా వస్తుందేమోనని. ఎక్కడా రాలేదు. అప్పుడే అనుకున్నాను, ఈ పిచ్చివాడు తన సొమ్ము తనది కాదని చెప్పుకు బతుకుతాడని."

కూర్చో నాయనా అన్నట్టు పక్కనున్న బస్తాని తట్టింది. శర్షెన్ కూర్చున్నాడు. చచ్చినట్టు కూర్చున్నాడు.

"ఇప్పుడు చప్పుడు సంగతి చెప్తా విను. నువ్వు సంగీతం కట్టేవాడివి, నీకెందుకు తెలీలేదో మరి. బిడ్డ ఉన్న ఉయ్యాల ఇలా టకటకలాడదు. నిదానంగా మూలుగుతుంది. ఒరిగి, ఆ ఒరిగిన చోట కాస్త ఆగి, అప్పుడు తిరిగి వస్తుంది. నీదాంట్లో ఆ ఆగడం లేదు. ఒరగ్గానే వచ్చేస్తోంది. లోపల బరువు లేదు మరి."

శర్షెన్ కళ్ళు పెద్దవయ్యాయి. మూడు రోజులుగా అతను తల బద్దలు కొట్టుకుంటున్నది దాని గురించే. ఏదో పలచగా ఉంది. కంప్యూటర్లో దాన్ని లావు చేశాడు, నిదానం చేశాడు, దూరం చేశాడు, ప్రోగ్రాములో ఉన్న మీటలన్నీ తిప్పాడు. ఎనిమిది గిటార్ల కుర్రవాడి పాఠం నాలుగుసార్లు చూశాడు. జబ్బు ఎక్కడుందో దొరకలేదు. ఇప్పుడు ఈవిడ బకెట్ మీద కూర్చుని చెప్పేసింది.

"మీకెలా తెలుసపా, ఖాళీదాని చప్పుడు?" అని అడిగాడు. అడిగాక, అడక్కుండా ఉండాల్సిందనిపించింది.

"నీ పెళ్ళానికంటే ముందు ఒకడున్నాడు" అంది జూరకన్. "నలభై రోజులు దాటలేదు. వాణ్ణి తీసుకెళ్ళిపోయాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, చెయ్యి ఊరుకోలేదు. ఊపాను. కొద్దిసేపే. అదిగో, అచ్చం ఇదే చప్పుడు." స్పీకరు వైపు గడ్డం ఎత్తి చూపించింది. "శకునమో కాదో నాకు తెలీదు. ముల్లా ఒకటి చెప్తాడు, డాక్టరమ్మ ఒకటి చెప్తుంది. ఆ తరవాత నాకు ఆరుగురు పుట్టారు, ఆరుగురూ ఉన్నారు. కానీ ఆ చప్పుడు మాత్రం ఉల్జాన్ చెవిన పడకూడదు. ఎవరి చెవినా పడకూడదు. అంతే."

అన్నయ్య ఉండేవాడని బురుల్‌కి తెలుసు. ఉయ్యాల సంగతి తెలీదు. వచ్చి తల్లి కాళ్ళ దగ్గర, దుంపల మట్టిలోనే కూర్చుని, ఆ ఉన్నికోటు అంచుని ఊరికే సర్దుతూ ఉండిపోయింది.

శర్షెన్ లాప్‌టాప్ ముందుకి లాక్కున్నాడు. ఉయ్యాల ముక్కని పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, మీట నొక్కాడు.

"పోయిందా?"

"పోయిందపా."

"ఎక్కడికి పోయింది?"

"చెత్తబుట్టలోకి."

"మళ్ళీ తియ్యొచ్చా అందులోంచి?"

"...తియ్యొచ్చు."

"చెత్తబుట్టని కూడా పారబొయ్యి. నన్ను ముసలిదాన్ని చేసి ఆడించకు."

పారబోశాడు. కంప్యూటరు కాగితం నలిగినట్టు చప్పుడు చేసింది. ఆ చప్పుడుకి ముసలావిడ తృప్తిగా తల ఊపింది.

"ఇంకెక్కడైనా ఉందా?"

శర్షెన్ తెర వైపే చూస్తూ, "లేదపా" అన్నాడు.

బురుల్ తలెత్తి మొగుడి చెవుల వైపు చూసింది. చల్లారిన టీ గుమ్మం బయట పారబోసి, మళ్ళీ వేడిది పోయడానికి లేచింది.

కాసేపు ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. శర్షెన్‌కి చెయ్యడానికి పనేమీ లేదు. అడుగు తీసేసిన బాణీని ఒకసారి వినిపించుకున్నాడు. కాళ్ళు తీసేసిన గుర్రంలా ఉంది. రేపు మధ్యాహ్నానికి బెగాయిమ్‌కి ఏమని చెప్పాలో మనసులో మాటలు పేర్చుకోవడం మొదలెట్టాడు.

"నీ కోముజ్ ఏదీ?" అంది జూరకన్.

"ఎందుకపా?"

"అడిగితే తేవడం నేర్చుకో."

తండ్రి వాయించిన కోముజ్ అది. ఆప్రికాట్ చెట్టు కొయ్యలో తొలిచిన డొక్కు, మూడు తీగలు. పెళ్ళిళ్ళలో దాన్ని ఎప్పుడూ బయటికి తియ్యలేదు. తాగినవాళ్ళ మధ్యకి తండ్రిని తీసుకెళ్ళినట్టుంటుందని. గోడ మీంచి తీసి తెచ్చి ఇచ్చాడు. ముసలావిడ దాన్ని చేతుల్లోకి తీసుకుని, చేటలో పాపని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. డొక్కు మీద వేలితో కొట్టింది.

"లోపలేమీ లేదే!"

"డొల్లేగా అపా."

"బిడ్డలూ అంతే. ఏముందో తరవాత తెలుస్తుంది" అని, "బురుల్! గుడ్డలు పట్రా. మెత్తవి. పొత్తిగుడ్డల మూట ఉంటుంది చూడు, నా సంచి అడుగున."

అప్పటికి గానీ శర్షెన్‌కి అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు వచ్చింది. నవ్వు వెనకాల ఇంకేదో వచ్చింది, దాన్ని దగ్గులోకి తిప్పేశాడు.

నమదా తీశారు. ఎర్రరంగు సగం చెదిరిన ఉయ్యాల, పైన పట్టుకునే కమ్మి పిల్లల తల్లుల చేతులకి నునుపు దేలి మెరుస్తోంది. జూరకన్ మోకాళ్ళ మీద కూర్చుంది. కోముజ్‌ని గుడ్డల్లో చుట్టింది, మెడ దాకా, చక్కగా, చలిపెట్టకుండా. రెండు చేతుల్లో ఎత్తి పట్టుకుని, "ఇది నా చెయ్యి కాదు, పసిబిడ్డల్ని కాచే ఉమాయ్ తల్లి చెయ్యి" అంది. అని, కావాలనే తల ఉండాల్సిన చోట కాళ్ళు పెట్టింది.

"సరిగ్గా ఉందా?"

బిడ్డని మొదటిసారి ఉయ్యాల్లో వేసేటప్పుడు చేసే తంతు అది, బురుల్ కోముజ్ వైపే చూస్తోంది. తల్లి కళ్ళెర్రజేసింది. "అడుగుతున్నానే! సరిగ్గా ఉందా?"

"లేదు, లేదు" అంది బురుల్ నవ్వాపుకుంటూ.

అటు తిప్పి పెట్టింది. "ఇప్పుడు?"

"లేదు!"

మూడోసారి మెడ తలగడ మీదకి, డొక్కు కిందకి వచ్చేలా పెట్టింది. "ఇప్పుడు సరిగ్గా ఉందా?"

"ఉంది అమ్మా. ఇప్పుడుంది."

ముసలావిడ పట్టీలు బిగించింది, ఒకటి రొమ్ముకి, ఒకటి మోకాళ్ళకి. కోముజ్‌కి రొమ్మెక్కడో మోకాళ్ళెక్కడో ఆవిడకి ఏ సందేహమూ రాలేదు. లేచి శర్షెన్ వైపు తిరిగింది. "ఇది ఖాళీ ఉయ్యాల అనేవాణ్ణి నా దగ్గరికి పంపు. నీ మైకు పెట్టుకో. నువ్వు ఊపకు, నీకు ఊపడం రాదు."

శర్షెన్ ఫోనుని మేజోడులో దూర్చి, పైదూలానికి కట్టిన ఉల్లిపాయల దండకి వేలాడదీశాడు. గుమ్మానికి ఇంకో పరుపు అడ్డం పెట్టాడు. బురుల్ ఊపిరి బిగబట్టింది. రికార్డు మీట నొక్కి, కళ్ళతో సైగ చేశాడు.

జూరకన్ కమ్మి మీద అరచెయ్యి వేసింది.

ఉయ్యాల ఒరిగింది. ఒరిగి, ఆ ఒరిగిన చోట ఒక్క క్షణం ఆగింది. ఆవిడ చెప్పిన ఆ ఆగడం. గిర్రు అన్నది ఇప్పుడు గిర్రు కాదు, పెద్దమనిషి కుర్చీలో సర్దుకుని నిట్టూర్చినట్టుంది. కుడికాలు టక్కుమంది. ఆ టక్కుకి, గుడ్డల్లో చుట్టిన కోముజ్ లోపల ఎక్కడో, కింది తీగ తనంతట తాను పలికింది. చాలా మెల్లగా. నిద్రలో బిడ్డ ఊ అన్నట్టు.

శర్షెన్ బురుల్ వైపు చూశాడు. బురుల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

టక్కు, ఊఁ. టక్కు, ఊఁ. అది ఏ ప్రోగ్రాములోనూ దొరకదు. ఎనిమిది గిటార్లవాడు ఎనభై కొన్నా దొరకదు. శర్షెన్‌కి వేళ్ళు జివ్వుమన్నాయి. దీని మీద బాణీ ఎక్కడ తగ్గాలో, ఎక్కడ పూర్తిగా మానుకోవాలో, ఒక్కొక్కటీ దానంతటదే తెలుస్తోంది. చచ్చిన రెండు మెట్లలో ఒకటి ఇప్పుడు కావాలి. ఆ స్వరం సరిగ్గా కోముజ్ తీగ పలికేదే. ఇన్నాళ్ళూ కీబోర్డులో లేనిది ఉయ్యాల్లోంచి వస్తోంది.

అంతలో ముసలావిడ, తనకి తెలియకుండానే, పెదవులు కలిపి ఏదో కూనిరాగం మొదలెట్టింది. మాటల్లేవు. రికార్డులోకి పోతోందని ఆవిడకి జ్ఞాపకం లేదు. శర్షెన్ గుర్తు చెయ్యలేదు. మొదటి విడత విని ఊరుకుని, రెండో విడతకి గానీ పోల్చుకోలేదు. పెళ్ళినాడు తను వాయించిన పాట అది. రేడియోలో విన్నానని చెప్పిన పాట. ఇరవై ఐదేళ్ళు ఆవిడ దాన్ని ఇలా దాచి ఉంచింది, ఒక చోట కాస్త తప్పుగా, ఆ తప్పే బాగుంది.

అతను గోడ వైపు తిరిగి, పరుపుకి నుదురు ఆనించి నిలబడ్డాడు.

నాలుగు నిమిషాలు. ఐదు. ఇంకొక్క విడత చాలు, తోక తలకి అందుతుంది.

మేజోడులోంచి ఫోను మోగింది.

రికార్డు చేసే ముందు ఫోనుకి కాల్స్ రాకుండా కట్టెయ్యాలి. మొట్టమొదటి పాఠంలో మొట్టమొదటి మాట అది. శర్షెన్ తనని తాను తిట్టుకుంటూ ఉల్లిపాయల దండకి ఎగిరి మేజోడు పీకాడు. బెగాయిమ్ అయి ఉంటుంది, రేపటిదాకా ఆగలేని పిల్ల, అనుకుంటూ చూశాడు.

ఎర్మెక్.

అల్లుడు. పెళ్ళయి ఏడాదిన్నర. మామగారంటే వాడికి ఎంత సిగ్గంటే, ఎదురుగా కూర్చుంటే రొట్టెముక్క కూడా నమలకుండా మింగుతాడు. ఏం చెప్పాలన్నా ఉల్జాన్ చేత చెప్పిస్తాడు. నేరుగా ఫోను చేసింది ఈ ఏడాదిన్నరలో ఒక్కసారీ లేదు.

శర్షెన్ ముఖం చూసి బురుల్ లేచి వచ్చి ఫోను వైపు తొంగి చూసింది. పేరు చదివింది. చదివి మొగుడి భుజం పట్టుకుంది, పడిపోకుండా పట్టుకున్నట్టు.

"ఎవరు?" అంది జూరకన్.

ఫోను మోగుతూనే ఉంది.

"ఉల్జాన్ ఇంటినుంచేగా" అంది ముసలావిడ. చెయ్యి కమ్మి మీంచి తియ్యలేదు. ఉయ్యాల అదే నిదానంతో ఒరుగుతోంది, ఆగుతోంది, తిరిగి వస్తోంది. కూనిరాగం మాత్రం ఆగిపోయింది. "ఎత్తు నాయనా. నేను దీన్ని ఆపను. నువ్వు ఎత్తు."

ఇలాంటివి నమ్మే మనిషి కాదు శర్షెన్. కొయ్య మీద కొయ్య అని అతనే అన్నాడు, గంట కూడా కాలేదు. కానీ పచ్చగుర్తు మీద పెట్టిన బొటనవేలు కదలడంలేదు. అతని కళ్ళముందు బెగాయిమ్ గది ఉంది, ఎన్నడూ చూడని గది. కూతురున్న ఊళ్ళోనే, ఆ గదిలో ఒక ఖాళీ ఉయ్యాల పొద్దుటినుంచీ ఊగుతోంది. తోక తలకి కలిపి, అతుకు తెలీకుండా, తనే చేసి పంపింది. ఇంకెక్కడైనా ఉందా అని అడిగితే లేదన్నది కూడా తనే.

వేలు జరిపి, ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"అత... అతా..." అంటున్నాడు ఎర్మెక్. నాన్నా అని వాడు పిలవడం అదే మొదటిసారి. అవతల వాడు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో శర్షెన్‌కి తెలియలేదు.